పక్కింటావిడ ఇచ్చిన బూట్ల పెట్టెలో 1957 నాటి బేస్‌బాల్ కార్డులు: సలహా కావాలి

కార్నెగీ_నాన్న | సెప్టెంబరు 20, రాత్రి 9:40

అందరికీ నమస్కారం. చాన్నాళ్ళుగా ఇక్కడ చదువుతున్నాను గానీ రాయడం ఇదే మొదటిసారి.

మేముండేది పిట్స్‌బర్గ్ పక్కన కార్నెగీ అనే చిన్న ఊళ్ళో. మా పక్కింట్లో ఎనభైకి దగ్గరపడుతున్న ఒక పెద్దావిడ ఉంటారు. ఇక ఒంటరిగా ఉండలేక వచ్చే నెలాఖరుకి కూతురి దగ్గరకు వెళ్ళిపోతున్నారు. ఇల్లు సర్దుతుంటే అటక మీద ఒక బూట్ల పెట్టె దొరికిందట. నిన్న సాయంత్రం దాన్ని తెచ్చి మా పదేళ్ళవాడి చేతిలో పెట్టారు. "మా అన్నయ్యవి. నువ్వు బేస్‌బాల్ ఆడతావుగా, ఉంచుకో" అన్నారు. ఆ అన్నయ్య రెండేళ్ళ క్రితం పోయారు.

పెట్టెలో 143 కార్డులున్నాయి. జట్టుకో కట్టగా పెట్టి రబ్బరు బ్యాండ్లు వేసి ఉన్నాయి. చాలావాటి వెనక ఆటగాడి లెక్కలు 1956తో ఆగిపోయాయి కాబట్టి 1957 కార్డులని అనుకుంటున్నాను. మిగతావి 58, 59, 60లవి కావచ్చు. అన్నీ బబుల్‌గమ్‌తో పాటు ఆటగాళ్ళ కార్డులు అమ్మిన టాప్స్ కంపెనీవే.

మావాడు రాత్రంతా వాటితోనే కూర్చున్నాడు. రెండు విషయాలు కనిపెట్టాడు. హ్యాంక్ ఆరన్ కార్డులో చొక్కా మీద 44 అంకె అద్దంలో చూసినట్టు తిరగబడి ఉంది. ఇంకో కార్డు మీద "బాబ్ క్లెమెంటే" అని ఉంది. పిట్స్‌బర్గ్‌లో వంతెనకు రోబెర్టో క్లెమెంటే పేరుంది కదా, ఈ బాబ్ ఎవరు నాన్నా అని అడుగుతున్నాడు. నాకు క్రికెట్ తప్ప తెలియదు.

అడగాల్సినవి మూడున్నాయి. ఇవి అసలువేనా? ఎలా దాచాలి? ఆఫీసులో ఒకాయన వీటికి డబ్బులొస్తాయి అన్నాడు. అది నిజమైతే ఆవిడకు చెప్పాలా?

పాతకాగితం | సెప్టెంబరు 20, రాత్రి 10:25

స్వాగతమండి. నేను న్యూజెర్సీలో ఇరవై ఏళ్ళుగా ఇవి పోగేస్తున్నాను. ముందు చెయ్యకూడనివి చెప్తాను, దయచేసి ఈ రాత్రే చదవండి.

రబ్బరు బ్యాండ్లు లాగకండి. అరవై ఏళ్ళ రబ్బరు ఎండిపోయి కార్డు అంచుకు అతుక్కుని ఉంటుంది. లాగితే రంగు పొర దానితోపాటే ఊడి వస్తుంది. చిన్న కత్తెరతో బ్యాండును రెండు కార్డుల మధ్య కాకుండా కట్ట వెనక భాగంలో కత్తిరించండి. అతుక్కున్న ముక్కను అలాగే వదిలెయ్యండి. తడిగుడ్డ, ఎరేజరు, ఇస్త్రీపెట్టె, ఏవీ దగ్గరకు రానివ్వకండి. మడత పోతుందని ఇస్త్రీ చేసి కార్డు పాడుచేసుకున్నవాళ్ళను నేను చూశాను. బాబుకు చేతులు కడుక్కుని, తడి లేకుండా తుడుచుకుని, అంచులు పట్టుకోమని చెప్పండి.

కట్టలో పైనున్న కార్డు, కిందనున్న కార్డు ఎక్కువ దెబ్బతిని ఉంటాయి. 1952 టాప్స్ సెట్‌లో ఒకటో నంబరు కార్డు ఆండీ పాఫ్కోది. అప్పటి పిల్లలు నంబర్ల వరసలో పేర్చి రబ్బరు బ్యాండు వేసేవాళ్ళు. అందుకే ఆయన కార్డు నలగకుండా దొరకడం చాలా కష్టం. ఆటగాడిగా ఆయనకంటే గొప్పవాళ్ళు ఆ సెట్‌లో ఎంతోమంది ఉన్నారు, కానీ శుభ్రంగా ఉన్న పాఫ్కో కనబడితే మాలాంటివాళ్ళం ఆగిపోతాం.

అసలువేనా అంటారా. 1957లో టాప్స్ కార్డు కొలత మార్చింది. అప్పటినుంచి రెండున్నర అంగుళాల వెడల్పు, మూడున్నర అంగుళాల పొడవు. ఈరోజుకీ అదే కొలత. స్కేలు పెట్టి చూడండి. తర్వాత మంచి భూతద్దం తీసుకుని పేరు అక్షరాలు చూడండి. బొమ్మ మొత్తం చుక్కలతో ఉంటుంది, అది సహజం. అసలు కార్డులో అక్షరం మాత్రం గట్టిగా నిండిన సిరాతో ఉంటుంది. ఫొటో తీసి మళ్ళీ అచ్చువేసిన నకిలీలో అక్షరం కూడా చుక్కలుగా విడిపోయి కనిపిస్తుంది. అటక మీద అరవై ఏళ్ళున్న పెట్టె కాబట్టి నకిలీ అయ్యే అవకాశం తక్కువే, కానీ చూడటం నేర్చుకుంటే బాబుకు రేపు పనికొస్తుంది.

ఆరన్ సంగతి. మీవాడి కళ్ళు చురుకైనవి. అచ్చువేసేటప్పుడు నెగటివ్‌ను తిరగేశారు. ఆరన్ కుడిచేతి బ్యాటర్, ఆ కార్డులో ఎడమచేత్తో ఆడుతున్నట్టు కనిపిస్తాడు. సరిచేసిన కార్డు రాలేదు, ప్రపంచంలో ఉన్న 1957 ఆరన్ కార్డులన్నీ అంతే. కాబట్టి తప్పు ఉందని ధర పెరగదు. ఆ బొమ్మలో ఉన్నాయన ఆ ఏడాదే మిల్వాకీ బ్రేవ్స్‌కు ప్రపంచ సిరీస్ గెలిపించాడు.

హన్మకొండ_సాయి | సెప్టెంబరు 20, రాత్రి 11:02

అన్నా, ముందు ఫొటోలు పెట్టండి. 2022 ఆగస్టులో న్యూయార్క్ యాంకీస్ ఆటగాడు మికీ మాంటిల్ కార్డు ఒకటి కోటీ 26 లక్షల డాలర్లకు పోయింది. 1952 టాప్స్. ఐదేళ్ళు తేడా అంతే. మీ పెట్టెలో మాంటిల్ ఉన్నాడా? ఉంటే గ్రేడింగ్‌కు, అంటే కార్డు స్థితి చూసి పదికి మార్కులు వేసేవాళ్ళకు పంపండి, ఎవరికీ చెప్పొద్దు. బహుమతిగా ఇచ్చినాక అది మీదే.

పాతకాగితం | సెప్టెంబరు 21, ఉదయం 7:15

సాయి, ఐదేళ్ళ తేడా అంటే ఈ లోకంలో చాలా దూరం. ఆ మాంటిల్ ధర వెనక ఒక కారణముంది.

1952 సెట్‌లో 407 కార్డులు. ఒకేసారి కాకుండా సీజన్ పొడుగునా విడతలుగా వదిలారు. 311 నుంచి ఆఖరిదాకా ఉన్న చివరి విడత దుకాణాలకు చేరేసరికి సీజన్ అయిపోవచ్చింది. పిల్లల మనసు ఫుట్‌బాల్ మీదకు పోయింది. సరుకు మిగిలిపోయింది. ఆ సెట్‌ను రూపొందించినవారిలో ముఖ్యుడు సై బెర్గర్, టాప్స్ ఉద్యోగి. గోదాములో చోటు కోసం ఆ మిగిలిన పెట్టెలను 1960లో పడవ మీద వేయించి న్యూజెర్సీ తీరం నుంచి అట్లాంటిక్‌లో పారబోయించాడు. ఎనిమిదేళ్ళపాటు ఎవరూ కొనని సరుకు మరి. మాంటిల్ కార్డు నంబరు 311, అంటే ఆ విడతలో మొదటిది. నిజానికి అతని తొలి కార్డు అది కాదు, 1951లో బౌమన్ అనే కంపెనీ వేసినది. అయినా జనం మనసు 311 మీదే నిలిచింది. పైగా కోటీ 26 లక్షలకు పోయిన కార్డు దాదాపు కొత్తదానిలా ఉంది, 9.5 గ్రేడు.

రబ్బరు బ్యాండు వేసిన 1957 కార్డు సంగతి వేరు. ఆరన్, క్లెమెంటే, మాంటిల్ లాంటివాళ్ళు నలిగినా వందల డాలర్లు పలుకుతారు. మామూలు ఆటగాళ్ళు కొన్ని డాలర్లే. ఆ ఏడాది నాలుగో విడత, 265 నుంచి 352 వరకు ఉన్న నంబర్లు కొంచెం అరుదు, అవి వేరుగా పెట్టండి. మొత్తం మీద మంచి మొత్తమే అవుతుంది గానీ ఇల్లు కొనేంత కాదు.

డాలస్_పిన్ని | సెప్టెంబరు 21, ఉదయం 8:30

నాకు కార్డుల గురించి తెలియదు, మూడో ప్రశ్న గురించి రాస్తున్నాను. చెప్పాలి నాయనా. ఆవిడ ఆట బొమ్మలు అనుకుని ఇచ్చింది. వందల డాలర్లైనా, పది డాలర్లైనా, విలువ తెలిసి ఇవ్వడం వేరు, తెలియక ఇవ్వడం వేరు. చెప్పాక కూడా ఉంచుకోమంటే అప్పుడది నిజంగా మీవాడిది అవుతుంది. పైగా అవి ఆవిడవి కూడా కావు, పోయిన అన్నయ్యవి. ఆయన పిల్లలెవరైనా ఉన్నారేమో అడిగారా?

హన్మకొండ_సాయి | సెప్టెంబరు 21, ఉదయం 9:05

పిన్నిగారూ, అట్లయితే ఎవరూ ఎవరికీ ఏమీ ఇవ్వలేరు. ప్రతిదానికీ ధర కనుక్కుని చెప్పాలంటే కష్టం కదా.

పాతకాగితం | సెప్టెంబరు 21, ఉదయం 9:40

ఈ విషయంలో నేను పిన్నిగారి పక్షం. ఒక నిజమైన సంగతి చెప్తాను. 2012లో ఒహాయోలోని డిఫయన్స్ అనే ఊళ్ళో, తాతగారి ఇంటి అటక మీద ఒక అట్టపెట్టె దొరికింది. లోపల 1910 కాలం నాటి మిఠాయి కంపెనీ కార్డులు, దాదాపు ఏడు వందలు. టై కాబ్, హోనస్ వాగ్నర్, సై యంగ్ లాంటి ఆ కాలపు మేటి ఆటగాళ్ళందరూ ఉన్నారు, నిన్న అచ్చువేసినట్టు. తాతగారికి మాంసం కొట్టు ఉండేది. పెట్టె తీసింది ఒకరిద్దరే అయినా మనవలు, మనవరాళ్ళు ఇరవై మంది సమానంగా పంచుకున్నారు. ఆ కార్డుల గురించి మాలో ఎవరు మాట్లాడినా ముందు ఈ పంపకం గురించే చెప్పుకుంటాం.

చికాగో_శర్వాణి | సెప్టెంబరు 21, మధ్యాహ్నం 12:50

బాబ్ క్లెమెంటే ప్రశ్నకు ఇంకా ఎవరూ జవాబు చెప్పలేదు, నేను చెప్తాను. నేను ఇక్కడే పుట్టి పెరిగాను, తెలుగు అమ్మ నేర్పింది, తప్పులుంటే మన్నించండి. కాలేజీలో సాఫ్ట్‌బాల్ ఆడాను. క్లెమెంటే అంటే నాకు ప్రాణం.

మీ అబ్బాయికి చెప్పండి: ఆ బాబ్, వంతెన మీదున్న రోబెర్టో ఒకరే. ప్యూర్టోరికోలోని కరోలినాలో పుట్టాడు. 1955లో పిట్స్‌బర్గ్ పైరేట్స్‌కు వచ్చాడు. టాప్స్ వాళ్ళు 1955, 56 కార్డుల మీద రోబెర్టో అనే వేశారు. 1957 నుంచి బాబ్ చేశారు. 1969 దాకా, పదమూడేళ్ళు, ప్రతి ఏడాదీ బాబ్. ఆయన పేరు ఆయన చెప్తూనే ఉన్నాడు, నేను రోబెర్టోని అని. పత్రికలవాళ్ళు ఆయన యాసను అలాగే అక్షరాల్లో పెట్టి అచ్చువేసేవాళ్ళు, ఇంగ్లిష్ రాదని చదివేవాళ్ళకు తెలిసేలా. 1971 ప్రపంచ సిరీస్‌లో ఉత్తమ ఆటగాడిగా నిలిచాక, టీవీ కెమెరా ముందు మొదట స్పానిష్‌లో అమ్మానాన్నలను పలకరించి, వాళ్ళ ఆశీస్సులు అడిగి, తర్వాతే ఇంగ్లిష్‌లో మాట్లాడాడు.

1972 సెప్టెంబరు 30న మూడువేలో హిట్ (బంతిని కొట్టి బేస్ చేరడం) కొట్టాడు. ఆ డిసెంబరులో నికరాగ్వాలో భూకంపం వచ్చింది. పంపిన సాయం జనానికి చేరడం లేదని తెలిసి తానే సామాన్లతో విమానమెక్కాడు. డిసెంబరు 31 రాత్రి అది సముద్రంలో కూలిపోయింది. ఆయన లెక్క సరిగ్గా 3000 దగ్గర ఆగిపోయింది.

మా నాన్న పేరు వేంకటేశ్వర్లు. ముప్పై ఏళ్ళు పనిచేసిన చోట ఆయన్ను "వెన్" అనేవాళ్ళు. నా చిన్నప్పుడు నాన్నతో కలిసి కార్డుల దుకాణానికి వెళ్ళినప్పుడు, గాజు కింద 1960 క్లెమెంటే ఉంది. దుకాణదారు బాబ్ ఎందుకని ఉందో చెప్పాడు. నాన్న చాలాసేపు ఆ కార్డు చూసి, కొనిచ్చాడు. మా ఇంట్లో అంత ఖర్చుపెట్టి కొన్న బొమ్మ అదొక్కటే. ఇప్పటికీ నా బల్ల మీద ఉంది. దాని పక్కనే 1970 కార్డు కూడా పెట్టుకున్నాను, మళ్ళీ రోబెర్టో అని వేసింది.

కార్నెగీ_నాన్న | సెప్టెంబరు 21, రాత్రి 8:20

శర్వాణి గారూ, మీరు రాసింది మావాడికి చదివి వినిపించాను. వాడు బాబ్ కార్డు తీసుకెళ్ళి కిటికీ దగ్గర వేరుగా పెట్టాడు. ఎండ తగిలే చోటని నేను మళ్ళీ లోపలికి మార్చాను.

పాతకాగితం గారు చెప్పినట్టే బ్యాండ్లు కత్తిరించాను. కొలత సరిపోయింది. భూతద్దంలో అక్షరాలు నిండుగానే ఉన్నాయి. కొన్ని కార్డుల వెనక గులాబీ రంగు మరక ఉంది, బబుల్‌గమ్ ముక్క ఆకారంలోనే, నాలుగు మూలలతో సహా. అరవై ఏళ్ళ నాటి గమ్ వాసన ఇంకా వస్తుందని మా ఆవిడ అంటోంది. మాంటిల్ లేడు. పైరేట్స్ కట్ట అన్నిటికన్నా లావుగా ఉంది, ఎక్కువ నలిగింది కూడా అదే.

ఒక చిక్కు వచ్చింది. పైరేట్స్ కట్టలో బిల్ మాజెరోస్కీ అనే ఆయన కార్డు, నంబరు 24. దాని వెనక ఎవరో పెన్సిల్‌తో "10–9" అని రాశారు. గట్టిగా ఒత్తి రాసినట్టుంది, ముందువైపు నుంచి ఏటవాలుగా చూస్తే అంకెలు ఉబ్బి కనిపిస్తున్నాయి. కింద చిన్నగా ఒక గీత. వేరే ఏ కార్డు మీదా రాత లేదు. ఇది చెరిపెయ్యొచ్చా?

హన్మకొండ_సాయి | సెప్టెంబరు 21, రాత్రి 8:26

మాజెరోస్కీ 57 అంటే తొలి కార్డు అన్నా. రాత ఉంటే గ్రేడు బాగా పడిపోతది. సగం ధర కూడా రాదు.

చికాగో_శర్వాణి | సెప్టెంబరు 21, రాత్రి 8:31

చెరపకండి!! దయచేసి చెరపకండి. అది స్కోరు.

1960 అక్టోబరు 13. ప్రపంచ సిరీస్ ఏడో మ్యాచ్, పైరేట్స్, యాంకీస్ మధ్య. ఆ సిరీస్‌లో యాంకీస్ మొత్తం 55 పరుగులు చేశారు, పైరేట్స్ 27. యాంకీస్ గెలిచిన మ్యాచులు 16–3, 10–0, 12–0. అలాంటి జట్టు మీద మూడు మూడుగా సమం చేసి ఏడో మ్యాచ్‌కు తెచ్చారు. తొమ్మిదో ఇన్నింగ్స్ చివరి సగంలో 9–9. మాజెరోస్కీ బ్యాటింగ్‌కు వచ్చి ఎడమ వైపు గోడ మీదుగా కొట్టాడు. 10–9. ప్రపంచ సిరీస్ ఏడో మ్యాచ్ ఆఖరి బంతికి హోమ్ రన్‌తో ముగియడం ఇప్పటిదాకా అదొక్కసారే. ఆయన అసలు పేరుపడింది ఫీల్డింగ్‌కు, రెండో బేస్ దగ్గర ఆయనంత చురుకైన చేతులు లేవంటారు.

ఆ కార్డు యజమాని అప్పటికి ఎన్నేళ్ళ పిల్లవాడో మీరే లెక్కేసుకోండి.

పాతకాగితం | సెప్టెంబరు 21, రాత్రి 8:44

ఒళ్ళు ఝల్లుమంది. ఇన్నేళ్ళలో నా చేతికి ఇలాంటిది రాలేదు. సాయి చెప్పింది మార్కెట్ లెక్కలో నిజమే. కానీ ఆ కార్డును మాత్రం గ్రేడింగ్‌కు పంపకండి, ఆవిడకు చూపించండి.

ఒంగోలు_బ్యారన్ | సెప్టెంబరు 22, ఉదయం 6:10

ఆలస్యంగా చూశాను. నేనుండేది వర్జీనియాలో. 1957 నా కాలం కాదు, నేను పోగేసేవి అంతకు యాభై ఏళ్ళ ముందువి. కానీ కార్నెగీ నాన్నగారూ, మీరు రాసిన ఊరి పేరు చూసి ఆగలేకపోయాను. బేస్‌బాల్ కార్డుల్లో అన్నిటికన్నా పేరున్న కార్డు మీ ఊరివాడిదే.

హోనస్ వాగ్నర్. మీ కార్నెగీలో పుట్టాడు, 1955 డిసెంబరులో అక్కడే పోయాడు. పైరేట్స్ షార్ట్‌స్టాప్ (రెండు, మూడు బేసుల మధ్య నిలబడే ఫీల్డర్), ఎనిమిదిసార్లు లీగ్‌లో బ్యాటింగ్ మొదటి స్థానం. 1936లో మేటి ఆటగాళ్ళను గౌరవించే హాల్ ఆఫ్ ఫేమ్ మొదలుపెట్టినప్పుడు తొలి ఐదుగురిలో ఒకడు, కాబ్, బేబ్ రూత్, మాథ్యూసన్, జాన్సన్‌లతో కలిపి. మీ పిట్స్‌బర్గ్ స్టేడియం బయట ఉన్న పెద్ద విగ్రహం ఆయనదే.

1909 నుంచి 1911 దాకా అమెరికన్ టొబాకో కంపెనీ తన సిగరెట్ పెట్టెల్లో కార్డులు పెట్టింది. మెత్తటి కాగితపు పెట్టె నలగకుండా అట్టముక్కగానూ పనికొచ్చింది, కొన్నవాడికి ఆశగానూ పనికొచ్చింది. దాన్ని ఇప్పుడు టీ206 అంటాం, 524 కార్డులు. నా దగ్గర 212 ఉన్నాయి. వాగ్నర్ మాత్రం తన బొమ్మ వెయ్యడానికి ఒప్పుకోలేదు. మధ్యలో ఉన్న పత్రికా రచయితకు అనుమతి తెచ్చిపెడితే 10 డాలర్లు ఇస్తామన్నారట. వాగ్నర్ ఆ రచయిత నష్టపోకూడదని తనే 10 డాలర్ల చెక్కు పంపి, తన బొమ్మ మాత్రం వద్దన్నాడు. అప్పటికే కొన్ని బయటికి వెళ్ళిపోయాయి. ఇప్పుడు తెలిసినవి అరవై చిల్లర. 2022లో ఒకటి 72 లక్షల 50 వేల డాలర్లకు పోయింది, అదీ నలిగినది.

ఎందుకు వద్దన్నాడు? పిల్లలు తన బొమ్మ కోసం సిగరెట్లు కొంటారని అంటారు కొందరు. డబ్బు ఇవ్వలేదని అంటారు ఇంకొందరు, ఎందుకంటే ఆయన పొగాకు నమిలేవాడు, 1948లో లీఫ్ అనే కంపెనీ వేసిన కార్డులో పొగాకు చేతపట్టుకునే ఉన్నాడు. తాను పొగాకు వాడుతూనే పిల్లలకు వద్దనేవాళ్ళు నాకు బాగా తెలుసు, మా నాన్న అలాంటివాడే. కాబట్టి నేను మొదటి మాటే నమ్ముతాను.

మా నాన్నకు కందుకూరు దగ్గర రెండు బ్యారన్లు, అంటే పొగాకు కాల్చే గదులు, ఉండేవి. వర్జీనియా పొగాకు. ఆకు కట్టి కర్రలకు వేలాడదీసి, రాత్రంతా పొయ్యి దగ్గర కూర్చుని వేడి చూసుకునేవాడు. ఆ అమెరికన్ టొబాకోయే ఇంగ్లండు కంపెనీతో కలిసి 1902లో బ్రిటిష్ అమెరికన్ టొబాకో పెట్టింది. మా ప్రాంతంలో ఐ.ఎల్.టి.డి. (ఇండియన్ లీఫ్ టొబాకో డెవలప్‌మెంట్) అని పిలిచే కంపెనీ ఆ కుటుంబంలోదే. ఆ కంపెనీలే మా తాతల చేత వర్జీనియా ఆకు పండించాయి. నేను మొదటి టీ206 కార్డు కొన్నప్పుడు వెనక "పీడ్మాంట్, ఫ్యాక్టరీ నంబరు 25, వర్జీనియా" అని చదివాను. పీడ్మాంట్ అంటే ఆ సిగరెట్ పేరు. ఇంత చిన్న ముక్క, ఒక అంగుళం ఏడు పదహారో వంతుల వెడల్పు, అరచేతిలో సగం కూడా లేదు. దాన్ని నాన్నకు వీడియోలో చూపిస్తే ఆయన బొమ్మ వైపు చూడలేదు, వెనక్కి తిప్పమన్నాడు. ఆ పెట్టెలోని ఆకు ఎక్కడిదో అని అడిగాడు.

ఒక జాగ్రత్త. ఈ అలవాటు మొదలైన ఏడాది ఒక ఆదివారం సంతలో 300 డాలర్లకు టై కాబ్ కొన్నాను. ఇంటికొచ్చి నల్లలైటు (అతినీలలోహిత కాంతి దీపం) కింద పెడితే తెల్లగా మెరిసింది. ఆ కాలం కాగితం అలా మెరవదు. మళ్ళీ వెళ్తే ఆ అమ్మినాయన లేడు. చీకటి గదిలో చూడకుండా వందేళ్ళ కార్డు కొనకండి.

చికాగో_శర్వాణి | సెప్టెంబరు 22, ఉదయం 9:20

బ్యారన్ గారూ, చాలా బాగా రాశారు. కార్నెగీ బాబుకు ఇంకో పిట్స్‌బర్గ్ ఆటగాడి పేరు చెప్పాలి, పెట్టెలో ఎంత వెతికినా దొరకని ఆయన.

జాష్ గిబ్సన్. హోమ్‌స్టెడ్ గ్రేస్, పిట్స్‌బర్గ్ క్రాఫర్డ్స్ జట్లకు ఆడాడు. క్యాచర్, అంటే మన వికెట్ కీపర్ లాంటివాడు. నల్లవాళ్ళను పెద్ద లీగుల్లోకి రానివ్వని కాలం. 1947 జనవరిలో 35 ఏళ్ళకే చనిపోయాడు. మూడు నెలలకు ఏప్రిల్ 15న ఆ అడ్డు తొలగించి జాకీ రాబిన్సన్ అనే నల్ల ఆటగాడు బ్రూక్లిన్ తరఫున పెద్ద లీగులో మైదానంలోకి దిగాడు. గిబ్సన్ ఆడుతున్న రోజుల్లో అమెరికాలో ఒక్క గమ్ కంపెనీ కూడా ఆయన కార్డు వెయ్యలేదు. 2024లో నల్లవాళ్ళు ఆడిన నీగ్రో లీగుల లెక్కలను పెద్ద లీగుల లెక్కల్లో అధికారికంగా కలిపినప్పుడు .372 బ్యాటింగ్ సగటుతో ఆయనే అందరికన్నా పైకి వచ్చాడు, టై కాబ్‌ను దాటి. కార్డుల పెట్టె చూసి ఆ కాలం ఆటగాళ్ళంతా వీళ్ళే అనుకుంటే పొరపాటు. మా క్లబ్బులో పిల్లలకు నేను కార్డు పెట్టుకునే ఖాళీ ప్లాస్టిక్ తొడుగు ఒకటి ఇచ్చి దాని మీద గిబ్సన్ పేరు రాయిస్తాను.

హన్మకొండ_సాయి | సెప్టెంబరు 22, రాత్రి 10:15

గిబ్సన్ పేరే నేను వినలేదక్కా. మూడేళ్ళ నుంచి కార్డులు కొని అమ్ముతున్న. కార్డు లేదు కాబట్టి తెలవలేదు.

కార్నెగీ అన్నా, నాకు మంచి స్కానర్ ఉంది. మీరు ఒప్పుకుంటే 143 కార్డులకూ నంబరు, ఏడాది, స్థితి రాసి పట్టిక చేసిస్త. డబ్బులొద్దు. ఆవిడకు చూపించాలన్నా చేతిలో కాగితం ఉంటే బాగుంటది కదా.

కార్నెగీ_నాన్న | సెప్టెంబరు 29, రాత్రి 9:55

సాయి తమ్ముడి పట్టిక ప్రింటు తీసుకుని ఈరోజు ఆవిడ ఇంటికి వెళ్ళాం. మావాణ్ణి కూడా తీసుకెళ్ళాను. ముందు ధరల సంగతి చెప్పాను. అన్నయ్యకు పిల్లలు లేరట. "పదేళ్ళవాడికి ఇచ్చింది మళ్ళీ తీసుకోను" అని పట్టిక మడిచి నా చేతిలో పెట్టేశారు.

తర్వాత మావాడు మాజెరోస్కీ కార్డు తీసి వెనక్కి తిప్పి చూపించాడు. కళ్ళద్దాలు పెట్టుకుని చాలాసేపు చూశారు. తొమ్మిది ఇలా తోక వంచి రాసేది మా అన్నయ్యే అన్నారు. ఆ రోజు గురువారమట. స్కూల్లో టీచరు రేడియో పెట్టిందట. అన్నయ్య ఇంటికి పరిగెత్తుకుంటూ వచ్చి వంటింటి బల్ల దగ్గర కూర్చున్నాడు, అమ్మ అన్నం పెట్టినా తినలేదు, ఏదో రాసుకుంటున్నాడు, ఏమిటని నేను అడిగితే చెప్పలేదు అన్నారు. అరవై ఏళ్ళ తర్వాత ఇప్పుడు తెలిసింది అని కార్డును చీర కొంగులో పెట్టుకున్నట్టు స్వెట్టర్ మడతలో పట్టుకున్నారు.

ఆ ఒక్క కార్డూ ఆవిడ దగ్గరే ఉంచమని మావాడే అడిగాడు. నేను చెప్పమనలేదు.

చికాగో_శర్వాణి | సెప్టెంబరు 29, రాత్రి 10:08

కళ్ళు తడిశాయి. ఆవిడ ఎప్పుడు వెళ్ళిపోతున్నారు? అక్టోబరు 13కు ఉంటారా?

ఆ మ్యాచ్ జరిగిన ఫోర్బ్స్ ఫీల్డ్ స్టేడియాన్ని 1971లో కూలగొట్టారు గానీ బయటి గోడలో కొంత భాగం ఓక్లాండ్‌లో, యూనివర్సిటీ దగ్గర ఇంకా ఉంది. ప్రతి ఏటా అక్టోబరు 13 మధ్యాహ్నం అభిమానులు అక్కడ చేరి ఆనాటి రేడియో వ్యాఖ్యానం మొత్తం వింటారు. హోమ్ రన్ సరిగ్గా 3:36కు వచ్చేలా మొదలుపెడతారు, ఆ రోజు జరిగిన నిమిషానికే. మీ ఇంటి నుంచి అరగంట కూడా పట్టదు.

డాలస్_పిన్ని | సెప్టెంబరు 29, రాత్రి 10:30

తీసుకెళ్ళండి నాయనా. మడత కుర్చీ, శాలువా మర్చిపోకండి, అక్టోబరు గాలి పెద్దవాళ్ళకు పడదు.

కార్నెగీ_నాన్న | అక్టోబరు 13, రాత్రి 8:45

వెళ్ళొచ్చాం. నేను సెలవు పెట్టాను, మావాడి స్కూలుకు ఉత్తరం రాశాను. ఆవిడను పిన్నిగారు చెప్పినట్టే మడత కుర్చీలో, శాలువా కప్పి కూర్చోబెట్టాం. ఎర్ర ఇటుక గోడ, దాని మీద తీగ అల్లుకుని ఉంది. జనం బాగానే వచ్చారు, ఎక్కువగా ఆవిడ వయసువాళ్ళే. పాత టోపీలు పెట్టుకున్నారు. ఎవరూ పెద్దగా మాట్లాడుకోవడం లేదు, రేడియో వింటున్నారు. ఫలితం అందరికీ తెలుసు, అయినా ఎనిమిదో ఇన్నింగ్స్‌లో యాంకీస్ వెనకబడి, మళ్ళీ తొమ్మిదో ఇన్నింగ్స్‌లో సమం చేస్తున్నప్పుడు నా పక్కనున్న పెద్దాయన నేల వైపు చూస్తూ తల ఊపుతున్నాడు. నాకూ టెన్షన్ వచ్చింది.

3:36కు అరుపులు వచ్చాయి. ఆవిడ లేవలేదు. కోటు జేబులోంచి కార్డు తీసి, ముందువైపు కాకుండా వెనకవైపు పైకి పెట్టి ఒళ్ళో ఉంచుకున్నారు. మావాడు పక్కన నిలబడి ఆ అంకెల మీద ఎండ పడకుండా చెయ్యి అడ్డం పెట్టాడు. ఎండ తగిలితే కార్డు పాడవుతుందనుకున్నాడో ఏమో నాకు తెలియదు.

తిరిగి వచ్చేటప్పుడు కారులో ఆవిడ అన్నయ్య గురించి చాలా చెప్పారు. వచ్చే శనివారం వెళ్ళిపోతున్నారు.

పాతకాగితం | అక్టోబరు 13, రాత్రి 9:02

నాకు ఇంకేం రాయాలో తెలియడం లేదండి. ఒక్కటి మాత్రం. ఆవిడ కార్డును జేబులో పెట్టుకుని తిరుగుతున్నారంటే మెత్తటి తొడుగు ఒక్కటే సరిపోదు, మూలలు వంగిపోతాయి. దాని మీద గట్టి ప్లాస్టిక్ తొడుగు వెయ్యాలి. రేపు పోస్టులో నాలుగు పంపిస్తాను, శనివారంలోపు అందుతాయి. మీ చిరునామా నాకు విడిగా పంపండి.